వగరు తెలిసిన నాలుకకు నెబ్బియోలో

నెబ్బియోలో అనే ద్రాక్షతో ఇటలీలో చేసే ఎర్ర వైన్‌ను గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూస్తే పలుచగా ఉంటుంది. గ్లాసు వెనక వేలు పెడితే గోరు కనిపిస్తుంది. మధ్యలో దానిమ్మ రసం ఎరుపు, అంచుల్లో అప్పుడే ఇటుక రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండు గులాబీ రేకులు, పుల్లటి చెర్రీ, కాస్త సోంపు, వాటి అడుగున ఎండకు కాగిన తారు వాసన. ఇంత సుకుమారంగా కనిపిస్తోంది కదా అని నిండుగా ఒక గుక్క తాగితే నాలుక పిడచకట్టుకుపోతుంది. చిగుళ్ళు బిగుసుకుంటాయి, పెదవుల లోపలి వైపు పళ్ళకు అంటుకుపోతుంది. మామిడి పిందెను జీడితో సహా కొరికితే నోరు ఎలా ముడుచుకుంటుందో అలాగే.

చాలామంది సలహాదారులు ఇక్కడే ఒక మాట చెబుతారు: ఈ ద్రాక్షతో చేసిన వైన్‌ను పదిహేను, ఇరవై ఏళ్ళు దాచాలి, వగరు పోయాక తాగాలి. ఈ మాటతో నాకు పేచీ ఉంది. నెబ్బియోలోలో వగరు ఓపిక పట్టి వదిలించుకోవలసిన లోపం కాదు, ఆ ద్రాక్షను గుర్తుపట్టే ముఖమే అది. ముందు ఆ వగరును చదవడం నేర్చుకుంటే ఏ సీసా దాచదగ్గదో, ఏది దాచినా బాగుపడదో మనకే తెలుస్తుంది. అది నేర్చుకోకుండా పాత బరోలో (ఈ ద్రాక్షతో చేసే పేరుమోసిన వైన్) సీసా మీద వేలకు వేలు పోస్తే, చేతికి వచ్చేది పేరు మాత్రమే.

ఈ విషయంలో తెలుగువాళ్ళకు ఒక మంచి సౌలభ్యం ఉంది. పాశ్చాత్య పుస్తకాలు వగరును రుచుల్లో లెక్కపెట్టవు, అది నోటికి తగిలే ఒక స్పర్శ అంటూ పక్కన పెడతాయి. మనకు అది ఆరు రుచుల్లో ఒకటి. ఉగాది పచ్చడిలో దాని కోసమే మామిడి ముక్క వేస్తాం. తెలంగాణలో ఒగరు అంటారు, మాట కాస్త మారినా నోటికి తెలిసింది ఒక్కటే. పచ్చి అరటికాయ, నేరేడు పండు, వక్క, కరక్కాయ, పాలు లేని డికాషన్: వీటన్నిటి వగరు ఒకటి కాదని చిన్నప్పటి నుంచీ తెలిసిన నాలుక మనది. వైన్‌లో వగరునిచ్చే పదార్థాన్ని టానిన్ అంటారు. తోళ్ళు పదును చేసే పని నుంచి వచ్చిన పేరు అది. మన దగ్గర తోళ్ళను పదును చేయడానికి వాడిన తంగేడు చెక్కలోనూ, కరక్కాయలోనూ ఉన్నది ఈ జాతి పదార్థమే. తోలులోని ప్రోటీన్‌ను పట్టి బిగించినట్టే, నోట్లో లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి విడదీస్తుంది. లాలాజలం జారుడు పోయి నోరు గరుకెక్కుతుంది. డికాషన్‌లో పాలు పోయగానే వగరు తగ్గడానికి కారణం కూడా ఇదే: టానిన్ పట్టుకోవడానికి పాలలోని ప్రోటీన్ దొరికింది, మన నోరు బతికిపోయింది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే నెబ్బియోలో పక్కన చీజ్ ఎందుకు పెడతారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఊరి సంగతి. నెబ్బియోలో సొంత ఇల్లు ఇటలీ వాయవ్య మూలన ఉన్న పియెమోంతే ప్రాంతం. అందులోనూ ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న లాంగే కొండలు. 13వ శతాబ్దపు కాగితాల్లోనే ఈ ద్రాక్ష ప్రస్తావన ఉంది. పేరు ఎక్కడిదంటే, ఇటాలియన్‌లో నెబ్బియా అంటే పొగమంచు. కోతల వేళ అక్టోబరులో లోయలను కప్పే మంచు వల్ల వచ్చిందని కొందరు, పండిన ద్రాక్షపండు మీద బూడిద చల్లినట్టు పట్టే పొర వల్ల వచ్చిందని మరికొందరు అంటారు.

రైతుకు ఇది కష్టపెట్టే ద్రాక్ష. అన్ని రకాల కంటే ముందు చిగురిస్తుంది కాబట్టి వసంతంలో పడే మంచుకు దొరికిపోతుంది. అన్నిటికంటే చివర పండుతుంది కాబట్టి శరత్తు వానలకూ దొరికిపోతుంది. పక్క తోటల్లో దోల్చెత్తో అనే ద్రాక్ష సెప్టెంబరులోనే కోతకు వస్తుంది, ఆ తర్వాత బర్బేరా అనే రకం, నెబ్బియోలో వంతు అక్టోబరులో. అందుకే కొండల్లో అన్నిటికంటే మంచి చోటు దీనికే ఇచ్చారు: సుమారు 200 నుంచి 400 మీటర్ల ఎత్తులో, దక్షిణం వైపో నైరుతి వైపో తిరిగిన వాలు, చలికాలంలో మంచు ముందుగా కరిగే వాలు. కత్తిరింపులోనూ మొండితనమే. కొమ్మ మొదట్లో ఉండే రెండు మూడు కణుపులు గుత్తి వేయవు. పొట్టిగా కత్తిరిస్తే పంట ఉండదు కాబట్టి పొడవాటి కొమ్మ ఒకటి వదిలి, అడ్డంగా లాగిన ఇనుప తీగకు వంచి కట్టాలి. వేసవిలో గుత్తులు ఎక్కువైతే కొన్నిటిని పచ్చివిగానే కోసి నేల మీద పారేస్తారు. బరోలో నిబంధనల ప్రకారం హెక్టారుకు 8 టన్నులకు మించి పండించకూడదు.

రంగు పలుచగా ఉండి వగరు అంత గట్టిగా ఎలా ఉంటుందనేది చాలామందికి అర్థం కాని సంగతి. రంగు తొక్కలోది, వగరు తొక్కలోనూ విత్తనాల్లోనూ ఉండేది, రెండూ వేరువేరు పదార్థాలు. ముదురు ఎరుపు వైన్లలో రంగునిచ్చేది ఎక్కువగా మాల్విడిన్, అది నిలకడగా ఉంటుంది. నెబ్బియోలో తొక్కలో పియోనిడిన్, సయనిడిన్ పాలు ఎక్కువ. ఇవి గాలి తగిలితే త్వరగా విరిగిపోతాయి. అందుకే నాలుగైదేళ్ళకే అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. వేరే ద్రాక్షలో అయితే అది ముసలితనానికి గుర్తు, నెబ్బియోలోలో పుట్టుమచ్చ లాంటిది. రంగు చూసి సీసా పాడైందని వెనక్కి పంపేవాళ్ళు, చిక్కటి నల్లటి బరోలో చూసి బలమైనదని మురిసేవాళ్ళు, ఇద్దరూ కంటిని నమ్మి మోసపోతున్నవాళ్ళే.

నేల మారితే వగరు ఎలా మారుతుందో చూడాలంటే బరోలో ప్రాంతం అంత మంచి చోటు లేదు. 11 ఊళ్ళ పరిధిలో ఉన్న చిన్న సీమ ఇది. పడమటి వైపు లా మోర్రా, బరోలో ఊళ్ళలో నీలి బూడిద రంగు సున్నపు బంకమన్ను ఎక్కువ. అక్కడి వైన్‌లో సువాసన ముందు, వగరు తర్వాత. వగరు కూడా నాలుక మధ్యలో మెత్తగా పరుచుకుంటుంది, బాగా పండిన నల్ల నేరేడు పండులా. తూర్పున సెర్రలుంగా నేల ఇంకా పాతది, సున్నంతో పాటు ఇసుకరాయి పొరలు కలిసింది. అక్కడి వైన్ వగరు చిగుళ్ళ దగ్గర మొదలై అంగిలి దాకా పాకుతుంది, వక్కపొడి నమిలినట్టు చాలాసేపు వదలదు. మోన్‌ఫోర్తే కూడా ఈ గట్టి పక్షమే. వీటి మధ్యనున్న కాస్తిల్యోనే ఫల్లెత్తోలో రెండు గుణాలూ కలుస్తాయి. ఆల్బాకు అవతలి పక్క బార్బరెస్కో ఉంది. తానారో నదికి దగ్గర, కాస్త వెచ్చన, కోత కొంచెం ముందు, వైన్ కొంచెం ముందుగా తాగడానికి సిద్ధమవుతుంది. దాన్ని బరోలోకు చెల్లెలి వరస చేసి తక్కువ చేసే అలవాటు ఉంది, అది అన్యాయం. అసీలి, రబాయా తోటల వైన్ దేనికీ తీసిపోదు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. బరోలో, బార్బరెస్కో రెండిటికీ 1980లో డి.ఓ.సి.జి. హోదా వచ్చింది, ఇటలీ వైన్లకు చట్టం ఇచ్చే అన్నిటికంటే పై మెట్టు అది. కోత జరిగిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కపెట్టి, బరోలో 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో. ఇంకా ఎక్కువ కాలం ఆపే రిజెర్వా రకం అయితే 62 నెలలు. బార్బరెస్కో 26 నెలలు, పీపాలో 9, రిజెర్వా అయితే 50. సీసా మీద తోట పేరు కనబడితే అదేదో ఉత్తమ శ్రేణి అనుకోకండి. బరోలోకు 2010 నుంచి అధికారికంగా 181 పేర్లు ఉన్నాయి. అవి హద్దులే తప్ప ర్యాంకులు కావు. వాటిలో బుస్సియా ఒక్కటే 290 హెక్టార్లకు పైగా ఉంటుంది, అందులో గొప్ప వాలూ ఉంది, మామూలు వాలూ ఉంది.

వైన్ చేసే తీరులో జరిగిన గొడవ కూడా వగరు చుట్టూ జరిగిందే. పాత పద్ధతిలో తొక్కలను రసంలో ముంచి 30 రోజులు, కొందరు 60 రోజుల దాకా ఉంచేవారు. ఆ తర్వాత 2 వేల నుంచి 10 వేల లీటర్లు పట్టే పెద్ద పాత పీపాల్లో ఏళ్ళ తరబడి పెట్టేవారు. 1980లలో కొందరు యువకులు తిరగబడ్డారు. తొక్కలు నానే కాలాన్ని కొద్ది రోజులకు కుదించారు, 225 లీటర్ల కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపాలు తెచ్చారు. ఎలియో ఆల్తారే 1983లో తన తండ్రి పాత పీపాలను చైన్‌సాతో కోసేశాడు. అవతలి పక్షాన బార్తోలో మస్కరెల్లో తన సీసా లేబుల్ మీద చేత్తో "బారిక్ వద్దు, బెర్లుస్కోని వద్దు" అని రాసి పెట్టాడు. బారిక్ అంటే ఆ చిన్న ఓక్ పీపా, బెర్లుస్కోని ఇటలీ రాజకీయ నాయకుడు. కొత్తవాళ్ళు చెప్పినదాంట్లో నిజం ఉంది: శుభ్రం లేని పాత పీపాలు, అదుపు లేని వేడి చాలా వైన్లను పాడు చేశాయి. కానీ చిన్న కొత్త పీపా వగరును తగ్గించదు, తన చెక్క వగరును, వెనిలా వాసనను పైన కప్పుతుంది. పదేళ్ళ తర్వాత గులాబీ వాసన ఎగిరిపోయి చెక్క మిగిలితే ఎవరిని అడగాలి? ఇవాళ రెండు పక్షాలూ దగ్గరయ్యాయి, శుభ్రత కొత్తవాళ్ళది, పెద్ద పీపా పాతవాళ్ళది. నా ఓటు పెద్ద పీపాకే.

ఇప్పుడు అసలు ప్రశ్న: దాస్తే ఏమవుతుంది? సీసాలో టానిన్ అణువులు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కలిసి పెద్దవవుతాయి, కొన్ని బరువెక్కి మడ్డిగా అడుగుకు దిగుతాయి. వగరు గరుకు తగ్గి గుండ్రబడుతుంది. చెర్రీ వెనక్కి తగ్గి ఎండు పూలు, పొగాకు, తోలు, పుట్టగొడుగుల వాసన ముందుకొస్తుంది. పులుపు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి మొదటి రోజున పండు రుచి చాలకుండా పులుపు, వగరు మాత్రమే ఉన్న సీసా ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకా పుల్లగా అనిపిస్తుంది తప్ప మెరుగుపడదు. మామిడికాయను గడ్డిలో మగ్గబెట్టడం తెలిసినవాళ్ళకు దీన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు: ముదిరిన కాయ మాగుతుంది, పిందె వాడిపోతుంది. పచ్చి వగరు నాలుక మీద ఆకు నమిలినట్టు, కాస్త చేదుతో, చటుక్కున తగిలి అక్కడే ఆగిపోతుంది. ముదిరిన వగరు నెమ్మదిగా కమ్ముకుంటుంది, దాని కింద నుంచి పండు రుచి మళ్ళీ పైకి లేస్తుంది. గుక్క మింగాక ఇరవై లెక్కపెట్టండి. ఇరవై దగ్గర నోట్లో వగరొక్కటే మిగిలితే ఆ సీసాను దాచకండి. వగరుతో పాటు చెర్రీయో గులాబీయో ఇంకా వినిపిస్తుంటే దాచండి.

ఏళ్ళ విషయంలో 2010, 2016 లాంటివి నెమ్మదిగా, నిండుగా పండిన సంవత్సరాలు. 2017 వేడి, 2014 వానలు. అయినా పట్టికను గుడ్డిగా పట్టుకోవద్దు. 2002లో వడగళ్ళ దెబ్బకు ఎందరో బరోలో చేయడమే మానేస్తే, జాకొమో కొంతెర్నో అనే తయారీదారులు ఆ ఏడాది తమ అన్నిటికంటే గొప్ప బరోలో అయిన మోన్‌ఫోర్తీనో చేశారు, అది గొప్పదిగా నిలిచింది. ఇంకో సంగతి, మంచి బరోలో నాలుగో ఏట నుంచి కొన్నేళ్ళు మూగబోతుంది. వాసన మూసుకుపోతుంది, వగరొక్కటే మాట్లాడుతుంది. ఆ దశలో తెరిచి నెబ్బియోలో నాకు పడదని తీర్పు చెప్పినవాళ్ళు చాలామంది.

అందుకే మొదలు బరోలోతో వద్దంటాను. మొదటి సీసా లాంగే నెబ్బియోలో, కోతకు రెండు మూడేళ్ళ లోపుది. పెద్ద పేరున్న రైతులు తమ లేత తోటల పండుతో దీన్ని చేస్తారు, ధర బరోలోలో మూడో వంతో సగమో ఉంటుంది. రెండోది బార్బరెస్కో, దొరికితే ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో వాళ్ళది. 1958లో ఊరి చర్చి ఫాదర్ చొరవతో 19 మంది రైతులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం అది. నెబ్బియోలో తప్ప వేరే ద్రాక్ష ముట్టుకోరు, మంచి ఏళ్ళలో 9 తోటల వైన్లను విడివిడిగా, ఒకే పద్ధతిలో చేసి సీసాల్లో నింపుతారు. నేల తేడా నేర్చుకోవడానికి అంతకు మించిన పాఠం లేదు. మూడోది పది పన్నెండేళ్ళ బరోలో. ఉత్తరాన గత్తినారా, గెమ్మే ఊళ్ళలో ఇదే ద్రాక్షను స్పన్నా అంటారు, లోంబార్దీలోని వాల్‌తెల్లినా మెట్ల తోటల్లో క్యావెన్నాస్కా అంటారు. ఇవి ఇంకా సన్నగా, చల్లగా, రాతి రుచితో ఉంటాయి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఇవన్నీ సులభంగా దొరుకుతాయి. మన దేశానికి తెచ్చుకునేవాళ్ళకు విమానాశ్రయంలో సుంకం లేకుండా అనుమతించేది 2 లీటర్లు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. ఒకే తయారీదారు లాంగే నెబ్బియోలో, బరోలో చెరొకటి తెచ్చుకుంటే ఆ రెండు సీసాలే ఒక తరగతి.

తెరిచే విధానం దగ్గర మన వాతావరణం అడ్డొస్తుంది. తాగవలసిన వేడి 16 నుంచి 18 డిగ్రీలు. హైదరాబాద్‌లో గది వేడి 28 ఉంటే అదే గది ఉష్ణోగ్రత అనుకుని పోస్తే సారాయి ఘాటు తప్ప ఏమీ తెలియదు, ఇందులో ఆల్కహాల్ మామూలుగానే 14 శాతం దాకా ఉంటుంది. అలాగని ఫ్రిజ్ చల్లదనంతో తాగితే వగరు రెండింతలై కొరుకుతుంది. 28 డిగ్రీల సీసాను ఫ్రిజ్‌లో సుమారు గంటన్నర పెట్టండి, తొందరైతే మంచు ముక్కలు కలిపిన నీళ్ళలో పది పన్నెండు నిమిషాలు. లేత సీసాను డికాంటర్‌లోకో వెడల్పాటి గాజు జగ్గులోకో వంపి రెండు మూడు గంటలు గాలి తగలనివ్వాలి. ఇరవై ఏళ్ళు దాటినదానికి అంత గాలి పనికిరాదు, సున్నితమైన వాసన అరగంటలో పోతుంది. పాత సీసాను ఒక రోజంతా నిలబెట్టి ఉంచి మడ్డి దిగనివ్వండి. బిరడా పెళుసుగా ఉంటుంది, కాబట్టి మరలాగా తిప్పే సాధనం కంటే రెండు పలుచటి రేకులను పక్కల నుంచి దించే ఓపెనర్ మేలు. సీసా మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టి, ఆపకుండా, సన్నటి ధారగా వంపండి. మెడ దగ్గరికి మబ్బులా మడ్డి రాగానే ఆపేయాలి. 40, 50 మి.లీ. పోయినా పోనివ్వండి, ఆ మడ్డి కలిసిన గుక్క చేదెక్కి మిగతాదంతా పాడు చేస్తుంది.

పెద్ద గ్లాసులో 100 మి.లీ. మించి పోయకండి. మొదటి గుక్క మీద తీర్పు చెప్పకండి, ఎందుకంటే వగరు గుక్క గుక్కకూ పేరుకుంటుంది. మూడో గుక్క తర్వాత ఎలా ఉందో అదే అసలు వగరు. తర్వాత ఒక చీజ్ ముక్క నమిలి నాలుగో గుక్క తీసుకుంటే ద్రాక్ష మొత్తం మారిపోయినట్టు ఉంటుంది. పియెమోంతే వాళ్ళు దీన్ని గుడ్డు సొనలతోనే పిండి తడిపి చేసే తాయరిన్ అనే సన్న నూడుల్స్‌తో, బరోలోలోనే గంటల తరబడి ఉడికించిన మాంసంతో తాగుతారు. కొవ్వు, ప్రోటీన్, తక్కువ కారం: సూత్రం ఇంతే. మన వంటల్లో ఈ సూత్రానికి నప్పేవి తక్కువే గానీ ఉన్నాయి. నేతిలో మిరియాలతో నెమ్మదిగా వేయించిన మటన్, వెన్నలో వేపిన పుట్టగొడుగులు బాగుంటాయి. గుంటూరు కారం వేసిన కూరతో మాత్రం వద్దు. ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది, వగరు ఆ మండే నోటిని ఇంకా గీరుతుంది, రెండూ పాడవుతాయి. చేపల పులుసుతో తాగితే నోట్లో ఇనుము రుచి వస్తుంది.

దాచడం గురించి కచ్చితంగా చెప్పాలి: వైన్ ఫ్రిజ్ లేని ఇంట్లో, మన ఎండల్లో, నెబ్బియోలోను ఏళ్ళ తరబడి దాచలేం. దానికి కావలసింది 12 నుంచి 14 డిగ్రీలు, అదీ పెద్దగా మారకుండా. బీరువాలో పెట్టిన సీసా ఒక్క వేసవిలో ఉడికిపోతుంది. బిరడా కాస్త పైకి తోసుకొచ్చినా, రేకు కింద జిగట తగిలినా ఆ సీసా కొనకండి. అలా ఉడికిన వైన్ రేగుపళ్ళ వడియాల వాసన వేస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా దోషం, గాలి తగిలితే పోయేది కాదు, దుకాణానికి తిప్పి ఇవ్వండి. మంచి సీసా వెంటనే తాగకపోతే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెడితే కొన్ని నెలలు నిశ్చింత.

సీసా మొత్తం ఒక్క రాత్రిలో ఖాళీ చేయకుండా మూడో వంతు మిగల్చండి. బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టి, మర్నాడు సాయంత్రం అరగంట ముందు బయట పెట్టి, మళ్ళీ 100 మి.లీ. పోయండి. గులాబీ నిన్నటికంటే పైకి లేచి, వగరు గుండ్రబడి ఉంటే అదే వైన్ ఇంకో సీసా ఉన్నవాళ్ళు ఐదేళ్ళు ధైర్యంగా ఆగవచ్చు. పండు రుచి పడిపోయి వగరూ పులుపూ మాత్రమే మిగిలితే, ఆ రెండో సీసాను ఈ ఏడే తెరవండి, పక్కన చీజ్ కాస్త ఎక్కువగా పెట్టుకుని.